మొగల్తూరులో కొండ

"మొగల్తూరులో కొండెక్కడుందో చూపించండి. చూపిస్తే ఈ సైకిల్ని నేనే తీసుకెళ్ళి కాలవలో పడేస్తాను."

ఆదివారం పొద్దున్నే జగన్నాథరావు అరిచిన అరుపుకి వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరూ చూపించలేకపోయారు. మొగల్తూరులో కొండ లేదు, గుట్ట కూడా లేదు. గట్టి వాన పడితే ఎటు పోవాలో తెలియక నీళ్ళు రోజుల తరబడి వీధుల్లోనే నిలబడి ఉండే ఊరది. అయినా ఇంట్లోవాళ్ళు ఆయన సైకిలుని వరండా స్తంభానికి గొలుసుతో కట్టేశారు. తాళంచెవి ఆయన భార్య వరహాలక్ష్మి మంగళసూత్రానికి తగిలించిన పిన్నీసుల గుత్తిలో వేలాడుతోంది. ఆయన రోజూ ఎక్కడో ఎత్తులెక్కి వస్తున్నాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది సైకిలు హ్యాండిల్ మీద బిగించిన అగ్గిపెట్టంత యంత్రం.

జగన్నాథరావుకి యాభై ఎనిమిదేళ్ళు. నరసాపురం వైపు ఒక హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. కానీ ఊళ్ళవాళ్ళకి ఆయన కబడ్డీ అంపైరుగానే ఎక్కువ తెలుసు. ఆ సముద్ర తీరం వెంట ఏ ఊళ్ళో జాతర జరిగినా, ఆ తీర్థంతో పాటు కబడ్డీ పోటీలుంటే, ఈల ఆయన మెళ్ళోనే ఉండేది. ఒకసారి పేరుపాలెం ఇసకలో ఫైనల్ ఆడుతుండగా సొంత బావమరిది కొడుకు మడమ గీత దాటింది. చూసింది ఈయన ఒక్కడే. ఈల వేసి అవుటిచ్చాడు. కుర్రాడి జట్టు ఓడిపోయింది. బావమరిది చాలాకాలం ఈ ఇంటి గడప తొక్కలేదు. "నేను చూశానండి" అన్నదొక్కటే జగన్నాథరావు ఇచ్చిన సంజాయిషీ. ఆ మాటకి ఎదురుచెప్పే అలవాటు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు.

తగువు మరీ ముదిరితే ఆయనకి ఒక పద్ధతి ఉంది. రెండు జట్ల కెప్టెన్లనీ పిలిచి, ఇద్దర్నీ గీత దగ్గరే నిలబెట్టి, వాళ్ళ కళ్ళ ముందే తాడు లాగి గీత మళ్ళీ కొలిపిస్తాడు. దూరంగా నిలబడి అరిచేవాళ్ళ మాట వినడు.

ఆయన కోపం గురించి కూడా చెప్పాలి. అది పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. పిల్లల్ని మామూలుగా "ఒరే" అంటాడు. "ఏమండీ" అన్నాడంటే గ్రౌండు చుట్టూ పరుగు తప్పదని వాళ్ళకి తెలుసు. "తమరు" అన్నాడంటే ఆ పిల్లవాడి తండ్రి స్కూలుకి రావాల్సిందే.

నిరుడు మాఘమాసంలో ఒక తీర్థంలో ఈల ఊదుతుండగా ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. ఇంట్లో చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడూ సోడాయే తాగాడు. "మొహం అలా ఉందేంటండీ?" అని వరహాలక్ష్మి అడిగితే, ఎండ అన్నాడు. మూడోసారి ఆట మధ్యలోనే కోర్టులో కూలబడ్డాడు. కూతురు ఉన్న రాజమండ్రికి తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. వరహాలక్ష్మి భర్తని క్షమించింది గానీ ఆ సోడాలని క్షమించలేదు.

"సైకిలు తొక్కొచ్చండి, మంచిదే. కాకపోతే చదునులోనే. ఎత్తులెక్కకండి కొన్నాళ్ళు" అన్నాడు డాక్టరు.

"మాది మొగల్తూరండి. ఎక్కుదామన్నా దొరకదు" అని నవ్వాడు జగన్నాథరావు. ఆ విషయంలో ఆయన నవ్వింది అదొక్కసారే.

కూతురు హారతి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగి. తండ్రి మాట మీద ఆమెకి అప్పటికే నమ్మకం సడలింది. అందుకే ఆ యంత్రం కొని తెచ్చి సైకిలుకి బిగించింది. ఎంత దూరం తొక్కారో, ఎంత వేగంతో తొక్కారో, రోడ్డు ఎంత ఎక్కుడుగా ఉందో అది చెబుతుంది. వంద అడుగులు ముందుకి వెళితే రోడ్డు ఎన్ని అడుగులు లేచిందో అన్ని శాతం. తొక్కడం అయిపోగానే ఆ వివరమంతా హారతి ఫోన్‌లోకి వెళుతుంది. మొదట్లో ఆయనకి అదంటే ముచ్చటగానే ఉండేది. రోడ్డంతా సున్నా చూపించేది. కాలువ వంతెన మీదకి వచ్చినప్పుడు మాత్రం రెండో మూడో చూపించి, దిగగానే మళ్ళీ సున్నాకి వచ్చేది. "మంచి అంపైరే" అన్నాడు ఒకసారి భార్యతో.

దసరా వచ్చింది. ఆ ఇంట్లో ఆయుధపూజ అంటే ఇనుము, కరెంటు ఉన్న ప్రతిదీ దేవుడి గదిలోకి రావాలి. స్కూటరు, సైకిలు గుమ్మం ముందు. కత్తిపీట, మిక్సీ, ఆయన ఈల లోపల పీట మీద. అన్నిటికీ గంధం రాసి కుంకుమ బొట్టు. ఆ ఏడు యంత్రం కూడా పీటెక్కింది. వరహాలక్ష్మి దాని అద్దం మీద గంధం పెట్టబోతే ఆయన అడ్డుపడ్డాడు.

"అక్కడొద్దు, అంకెలు కనపడవు. వెనకాల పెట్టుకో."

ఆవిడ వెనక్కి తిప్పి ధారాళంగా పెట్టింది. గుండె జబ్బు మనిషి వస్తువు కదా అని కాస్త ఎక్కువే పెట్టింది.

మర్నాడు పొద్దున్న కాలువగట్టు రోడ్డు మీద, కొబ్బరితోటల నీడలో, యంత్రం ఏడు శాతం చూపించింది. ఆయన సైకిలు ఆపి వెనక్కి చూశాడు. రోడ్డు పలకలా ఉంది. తోట దాటి ఎండలోకి రాగానే దిగుడు అంది. మర్నాడు తొమ్మిది ఎక్కింది. సాయంత్రం ఫోను మోగింది.

"నాన్నగారూ, ఇవాళ ఎటెళ్ళారు?"

"ఎటెళ్తానమ్మా, కాలవగట్టు మీద పేరుపాలెం వైపు."

"తొమ్మిది శాతం ఎక్కినట్టుందే ఇక్కడ?"

"దానికి మతిపోయింది."

"మొన్నటిదాకా బానే ఉంది కదా! కుర్రాళ్ళతో పందెం వేసి గట్టు కిందకీ పైకీ తొక్కుతున్నారా?"

"నేనా? పందేలా?"

"సోడాలు తాగినప్పుడు కూడా ఏం లేదనే అన్నారు నాన్నగారూ."

ఆ మాటకి ఆయన ఫోను పెట్టేశాడు. కోపం రెట్టింపయింది.

భార్యతో వాదన వేరుగా జరిగింది. "కాలవ పక్కనే కదా రోడ్డు! రోడ్డు తొమ్మిది శాతం లేస్తే పక్కన నీళ్ళేం కావాలి వరహాలూ? అవి కూడా నాతో పాటు పైకెక్కుతున్నాయా?"

"ఆ లెక్కలు నాకు తెలీవండి. గ్యాసన్నప్పుడు కూడా ఇలాగే గట్టిగా చెప్పారు."

ఆవిడ వాదనలో న్యాయం లేదు. అలాగని ఆధారం లేదని కూడా అనలేం.

ఇక టీ కొట్టు దగ్గర సత్తిరాజు. రొయ్యల చెరువుల మనిషి. జగన్నాథరావుకి చిన్నప్పటి స్నేహితుడు. ఎదుటివాడి కోపం చూస్తే సత్తిరాజుకి టీ రుచి పెరుగుతుంది.

"రండి మాస్టారూ. ఇవాళ ఏ కొండ దిగొస్తున్నారండి?"

"సత్తిరాజు గారూ, తమరు టీ తాగండి."

"అది కాదండి, మీ కొండ మీద ఎకరం ఎంత పలుకుతోందో చెబితే మా చెరువులు అక్కడికి మార్చుకుంటామండి. తుపానుకి భయం ఉండదు."

"తమరి రొయ్యలు చచ్చేది జబ్బుతో కాదండి. తమరి జోకులు వినలేక."

కొట్టులో అందరూ నవ్వారు. జగన్నాథరావు నవ్వలేదు. కొండ సంగతి సత్తిరాజుకెలా తెలిసిందా అని ఆలోచించాడు. నిలదీస్తే సత్తిరాజు నీళ్ళు నమిలి చెప్పేశాడు. "అన్నయ్యగారూ, ఆయన ఎటెళ్తున్నారో కాస్త కనిపెట్టి ఉండండి" అని వరహాలక్ష్మే అడిగిందట. తీరమంతా ఎవరి కన్నుని నమ్మి ఆటలాడారో ఆ మనిషి మీద ఇంట్లోవాళ్ళు నిఘా పెట్టారు. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు.

కార్తీకంలో, పొద్దుటి చలి మొదలయ్యాక, యంత్రం మరీ పేట్రేగింది. ఒకరోజు పన్నెండు శాతం అంది. హారతి ఈసారి తండ్రికి చెయ్యలేదు. తల్లికి ఫోను చేసి, "అమ్మా, పన్నెండంటే ఘాట్ రోడ్డే. ఏమన్నా అయితే తర్వాత ఏడ్చి లాభం లేదు. నువ్వు సైకిలు ఆపించు" అంది. తర్వాతి ఆదివారం ఆయన లేచేసరికి సైకిలుకి గొలుసు ఉంది. వీధి వీధంతా విన్న అరుపు అప్పటిదే.

అరుపుతో గొలుసు ఊడలేదు. ఆయన యంత్రం అమ్మిన కంపెనీకి ఫోను చేశాడు. చాలాసేపు పాట వినిపించాక ఒక ఆడపిల్ల పలికింది.

"చెప్పండి సార్. మీ ఏరియా హిల్లీనా సార్?"

"మాది మొగల్తూరండి. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు వాటర్ ట్యాంకు. దాని మీదకి సైకిలు పోదండి."

"ఓకే సార్. ఒకసారి రీస్టార్ట్ చేస్తారా సార్?"

"చేశానండి."

"అప్‌డేట్ చేశారా సార్?"

"అదీ చేశానండి."

"అయితే నార్మల్‌గా డివైస్ కరెక్టే చూపిస్తుంది సార్."

"అంటే ఊరు తప్పంటారాండి?"

"మీ ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాను సార్" అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది. మా సేవ ఎలా ఉందో తెలపండి అంటూ మెసేజి వచ్చింది. ఆయన దానికి రాసిన జవాబు మర్యాదతో నిండి ఉంది. ప్రతి వాక్యంలోనూ "తమరు" ఉంది.

తర్వాత కొన్ని రోజులు ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. అది చూసే ఇంట్లోవాళ్ళకి భయం వేసింది. పొద్దున్నే లేచి, వరండాలో కుర్చీ వేసుకుని, గొలుసు కట్టిన సైకిలు ఎదురుగా కూర్చునేవాడు. టైర్లలో గాలి తగ్గితే పంపు తెచ్చి కొట్టేవాడు. ఎక్కడికీ వెళ్ళని సైకిలుకి గాలి కొట్టేవాడు. వరహాలక్ష్మి కాఫీ తెస్తే "థాంక్సండి" అనేవాడు. ఆవిడకి పెళ్ళైన కొత్తలో కూడా అంత గౌరవం దక్కలేదు.

చివరికి ఆయనే కూతురికి ఫోను చేశాడు.

"ఆదివారం తమరొకసారి రావాలమ్మా."

"నాన్నగారూ, తమరేంటి? ఏమైంది?"

"తగువు తేలట్లేదు. కెప్టెన్లు గీత దగ్గరికి రావాలి. తమరూ, తమరి అమ్మగారూ."

హారతి పొద్దున్న బస్సుకే వచ్చింది. ఆయన అప్పటికే ట్రక్కు ఆటో మాట్లాడి ఉంచాడు. వరహాలక్ష్మి చేత గొలుసు తాళం తీయించి, సైకిలు ఎక్కించి, ముగ్గురూ నరసాపురం రేవుకి వెళ్ళారు. అక్కడ ఊళ్ళోంచి రోడ్డు ఏటిగట్టు మీదకి ఎక్కి, అవతల గోదావరి ఒడ్డుకి దిగుతుంది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లికి మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు ఆగేది అక్కడే. ఆ చుట్టుపక్కల సైకిలు తొక్కేవాడు దిగి నడిపించుకోవాల్సిన ఎత్తు ఏదన్నా ఉంటే అదే.

"నేను ముట్టుకోను" అన్నాడు జగన్నాథరావు, చేతులు వెనక్కి కట్టుకుని. "ముట్టుకుంటే నేనేదో చేశానంటారు. వరహాలూ, నువ్వు నడిపించు. అమ్మా, మీరు అంకె చదవండి."

"పదిమందిలో ఇదేం పనండీ?"

"గొలుసు కూడా పదిమందీ చూసేటట్టే వేశారు కదా!"

మెళ్ళోంచి ఈల తీసి ఊదాడు. పంటు కోసం నిలబడ్డ జనమంతా ఇటు తిరిగారు. ఇక తప్పదని వరహాలక్ష్మి కొంగు బిగించి, సైకిలు హ్యాండిల్ పట్టుకుని గట్టెక్కడం మొదలుపెట్టింది. హారతి పక్కన నడిచింది. జనంలోంచి ఒకాయన "అమ్మగారూ, సైకిలు అమ్మకానికాండి?" అని అడిగాడు.

సగం దూరం ఎక్కేసరికి వరహాలక్ష్మికి ఆయాసం వచ్చింది. "ఎంతుందే?"

"సున్నా అమ్మా."

"సరిగ్గా చూడు."

"సున్నాయే."

"నా మోకాళ్ళు పట్టేస్తుంటే సున్నా ఏంటే?"

"నన్నడిగితే? దీన్నడుగు."

గట్టు మీదకి చేరారు. పైన చదునుగా ఉంది, పక్కన చెట్ల నీడ. కాస్త దూరం నీడలో నడిపించేసరికి యంత్రం నాలుగంది, తర్వాత ఆరంది. అక్కడ బంతి పెడితే కదలదు. హారతి ఒకసారి అంకెని, ఒకసారి నేలని చూసింది. కింద నుంచి తండ్రి అరుస్తున్నాడు. "ఎంతండీ? గట్టిగా చెప్పండి, వినపడట్లేదు!" ఆమె చెప్పలేదు. గట్టు రాయి మీద కూర్చుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టింది. ఆ పని దసరా మర్నాడు చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అప్పుడు ఆమె ఆ సమయాన్ని తండ్రిని తప్పుపట్టడానికి వాడింది.

కాసేపటికి చదివి చెప్పింది. ఈ యంత్రం ఎత్తుని గాలి ఒత్తిడిని బట్టి కడుతుంది. గాలి లోపలికి పోవడానికి వెనకవైపు గుండుసూది మొనంత కన్నం ఉంటుంది. అది మూసుకుపోతే బయటి గాలి దానికి అందదు. లోపల చిక్కుకున్న గాలి నీడలో చల్లబడితే ఎక్కుతున్నామనుకుంటుంది, ఎండకి వేడెక్కితే దిగుతున్నామనుకుంటుంది. నిజంగా ఎక్కినా దానికి తెలియదు.

హారతి యంత్రాన్ని హ్యాండిల్ మీంచి ఊడదీసి వెనక్కి తిప్పింది. వెనకంతా గంధం అట్టకట్టి ఉంది. మధ్యలో కుంకుమ. చెమటకి తడిసి, ఎండకి ఎండి, గోడకి కొట్టిన సిమెంటులా గట్టిపడింది.

అప్పటికి జగన్నాథరావు కూడా ఒక్కో అడుగూ నెమ్మదిగా వేస్తూ గట్టెక్కి వచ్చాడు. ముగ్గురూ ఆ బొట్టు చూశారు.

"ఇదా అండీ?" అన్నాడాయన భార్య వైపు తిరిగి. "తమరి బొట్టా?"

"వెనకాల పెట్టుకోమన్నది ఎవరండీ?" అంది వరహాలక్ష్మి.

ఆయనకి గుర్తొచ్చింది. హారతి ఆపుకోలేక నవ్వేసింది.

"నవ్వకండమ్మా." ఆయన గొంతు పెరగలేదు, తగ్గింది. "పెట్టింది మీ అమ్మ, పెట్టమన్నది నేను. ఒప్పుకుంటున్నాను. గంధం మీద నాకేం కోపం లేదు. మన ఊళ్ళో కొండ లేదని పండగ నుంచీ మొత్తుకుంటున్నాను. మీ అమ్మకి తెలుసు లేదని. అక్కడ పుట్టిన మీకు తెలుసు. ఆ సత్తిరాజుకీ తెలుసు. తెలిసి కూడా దీన్ని నమ్మి నన్ను కట్టేశారు. బొట్టు దీనికి అడ్డం పడింది. మీకేం అడ్డం పడిందండీ?"

హారతి తల దించుకుంది. వరహాలక్ష్మి దించుకోలేదు.

"సోడా అండి" అంది.

పంటు కూత వేసింది. జనం దిగువకి పరుగెత్తారు. ముగ్గురూ గట్టు మీద అలాగే నిలబడ్డారు. వరహాలక్ష్మి మెళ్ళోని గుత్తిలోంచి ఒక పిన్నీసు తీసి, యంత్రం తీసుకుని, గోరుతో గంధం రాల్చి, మొనతో ఆ కన్నం శుభ్రం చేసింది. నోటితో ఊది, కొంగుతో తుడిచి కూతురికిచ్చింది. ఈసారి హారతి ఒక్కతే సైకిలుని కిందకి దించి మళ్ళీ నడిపించుకొచ్చింది. గట్టు నడుముకి వచ్చేసరికి "ఎనిమిది!" అని అరిచింది.

వరహాలక్ష్మి గుత్తిలోంచి తాళంచెవి తీసింది. ఇవ్వకుండా గుప్పిట్లో పట్టుకుంది.

"ఈసారి నొప్పొస్తే చెప్తారా?"

"చెప్తాను."

"గ్యాసనరు కదా?"

"గ్యాసైతే గ్యాసనే అంటానండి."

ఆవిడ తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

సోమవారం పొద్దున్న జగన్నాథరావు సైకిలుతో పాటు గొలుసు కూడా వెంట తీసుకెళ్ళాడు. కాలువ వంతెన మీద ఆగి, తాళంతో సహా దాన్ని నీళ్ళలోకి విసిరాడు. చెరువుల నుంచి వస్తున్న సత్తిరాజు మోటారు సైకిలు ఆపాడు.

"మాస్టారూ, కాలవలో ఏంటండీ పడేశారు?"

"కొండండి" అన్నాడు జగన్నాథరావు. వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయాడు.

ఆయన ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని వరండాలో కూర్చున్నాక ఫోను మోగింది. వరహాలక్ష్మి తీసింది. హారతి గొంతు కంగారుగా ఉంది.

"అమ్మా, ఇవాళ వంతెన దగ్గర తప్ప దారంతా సున్నాయే చూపిస్తోంది. మళ్ళీ ఏదన్నా అడ్డం పడిందేమో చూడు. లేకపోతే నాన్నగారే ఏమన్నా…"

"మొగల్తూరులో కొండెక్కడుందే?" అంది వరహాలక్ష్మి. "మీ నాన్నగారు చెప్పారు కదా లేదని! పెట్టేయ్."

ఫోను బల్ల మీద పెట్టి ఆవిడ వరండాలోకి చూసింది. ఆయన విన్నాడు. మొహం మాత్రం నిన్నటిలాగే ఎర్రగా ఉంది.

"ఆ ముక్క దసరా మర్నాడే అనుంటే బాగుండేది కదండీ" అన్నాడు.

ఆ "అండి" విని, కోపం ఇంకా తగ్గలేదని అర్థమై, ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.